జనన మరణాల రిజిస్టరులో ఒక దిద్దుబాటు

కట్ట 33వ ఏడు, రోజు 112

పంపులు ఆరూ నడుస్తున్నాయి. నాలుగోది వణుకుతోంది. కింది వీధుల్లోకి సముద్రం రాలేదు.

ఇది రికార్డు కాదు. రికార్డు ఆఫీసులో రాస్తాను. పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, పెళ్ళిళ్ళు, పంపు రీడింగులు. కట్ట కట్టిన మొదటి ఏడు నుంచీ ఆ పుస్తకాల్లో ఉన్నది నా చేతి రాతే. ఇది మాత్రం పాత పంపు చార్టుల వెనక రాస్తున్నాను. వాటిని ఎవరూ తిరగెయ్యరు.

పొద్దున కెటిల్‌లో ఉప్పు పెచ్చులు గీకుతుంటే గవర్రాజు వచ్చాడు. కాలనీ కమిటీ అధ్యక్షుడు. కట్ట మీది నాలుగు వందల ఇళ్ళలో ఏ ఇంటి తలుపూ తట్టే అలవాటు లేని మనిషి.

"ఏవండీ విశ్వపతిగారూ, ఒకసారి మూడో ట్యాంకు దాకా రావాలి. మీకొకటి చూపించాలి."

"ఇక్కడే చెప్పు."

"చెప్పేది కాదండీ. చూసేది."

వెళ్ళాను. ట్యాంకు గట్టు మీద నడుమెత్తు రాయి నిలబెట్టారు. పసుపు పూసి బొట్లు పెట్టారు. ఎర్ర రంగుతో 'వకుళ పేరంటాలు' అని రాసి ఉంది.

వకుళ నా భార్య. మంచినీళ్ళ ప్లాంటులో కెమిస్టు. యాభై ఒక్క రోజుల కిందట ఈ గట్టు మీదే పడిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆ మాట రిజిస్టరులో ఎక్కించింది నేనే.

"ముత్తైదువుగా పోయిన తల్లండీ," అన్నాడు గవర్రాజు చేతులు కట్టుకుని. "అలా పోయినవాళ్ళకి రాయి నిలబెట్టి పేరంటాలని కొలవడం మన పెద్దవాళ్ళ నుంచీ ఉన్నదే గదా."

పేరు కింద ఇంకో వరస ఉంది. 33వ ఏడు, రోజు 61. గవర్రాజు కూడా అప్పుడే చూశాడు.

"ఒరేయ్ సన్నాసీ! తేదీ ఎవడెయ్యమన్నాడ్రా?"

రంగు డబ్బా పట్టుకున్న సన్నాసి తల గోక్కున్నాడు. "రాయి మీద తేదీ ఎయ్యకుండా ఎలాగండి? ఇంతకాలం ఏసిన రాళ్ళన్నిటికీ ఏశాను."

"అవి చావు రాళ్ళురా. ఇది దేవత. దేవతకి తేదీ ఉంటుందా?"

"మరి తద్దినం ఎప్పుడు పెడతారండి?"

"దేవతకి తద్దినం ఏంట్రా, వెధవా!"

వాళ్ళు అరుచుకుంటుంటే వచ్చేశాను. నన్ను ఎవరూ అడగలేదు. ఆమె పేరును గోడకు రంగు వేసినట్టు వేసుకున్నారు.

రోజు 113

నాలుగో పంపు బోల్టులు బిగించారు. వణుకు తగ్గలేదు.

గవర్రాజు ఈసారి ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న మీరెళ్ళాక సన్నాసిగాడు తేదీ గీకేస్తున్నాడండి. ముప్పై మూడులో ముందున్న మూడు పోయింది. మిగిలింది చదివాను. మూడో ఏడు, రోజు అరవై ఒకటి. ఆగరా అన్నాను."

"అయితే?"

"కట్ట తెగింది మూడో ఏట. ఆ నెలల్లోనే. ముప్పై ఒక్కమంది కొట్టుకుపోయారు. ముప్పై రెండో మనిషి కూడా ఉందంటే ఎవడు కాదంటాడు?"

అప్పుడు అర్థమైంది.

పాచి మూడో ట్యాంకు గోడలకు పడుతుంది. గీకి, ఎండబెట్టి, గోరంత నాలుక కింద పెట్టుకుంటే నాలుగు గంటలపాటు పంపుల మోత దూరమవుతుంది. నడుం నొప్పి తెలియదు. చిన్న మాటకు కూడా నవ్వొస్తుంది. ఎక్కువైతే గుండె నెమ్మదిస్తుంది. ఒక్కోసారి ఆగుతుంది. నాలుగేళ్ళుగా దాన్ని తాకడం నేరం. తొంభయ్యో రోజున తీరం గార్డులు పడవల్లో వచ్చి ట్యాంకు దగ్గర పదకొండు మందిని పట్టుకుపోయారు. శిక్ష ఏడేళ్ళు, ఉప్పు పొలాల్లో. అక్కడ తెల్లటి ఉప్పు మీద ఎండ కళ్ళను తినేస్తుంది. తిరిగి వచ్చినవాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపించాలి.

నిషేధంలో ఒక సందు ఉంది. దేవుడి పేరిట ముప్పై ఏళ్ళకు తగ్గకుండా, ఎడతెగకుండా సాగిన వాడుకను చట్టం ముట్టుకోదు. విచారణకు అధికారి వస్తుంది. ఆమె చూసే కాగితం నా రిజిస్టరు ఒక్కటే. ఒకప్పుడు పంపులు నడిపిన కంపెనీ కాగితాలు కంపెనీతోనే వెళ్ళిపోయాయి.

"అంటే నా భార్య నన్ను పెళ్ళి చేసుకోవడానికి ఐదేళ్ళ ముందే చచ్చిపోయిందని రాయాలి."

"పెళ్ళి కూడా జరుపుదామండి. రెండో ఏట పెట్టండి. పేరంటాలంటే పెళ్ళైన మనిషయ్యుండాలి గదా. ముందుకి జరిపితే సరిపోద్ది."

"ముందుకు కాదు. వెనక్కి."

"ఏదో ఒకటి లెండి."

"పైకి లే."

"పదకొండు మందండీ. వాళ్ళలో నలుగురు ఆవిడ పాడె మోశారు."

"మిగతా ఏడుగురు?"

కుర్చీ యథాస్థానంలో పెట్టి వెళ్ళమన్నాను. పెట్టకుండానే వెళ్ళాడు.

రోజు 117

రీడింగులు మామూలే.

నీళ్ళ వరసలో నా బిందె మూడుసార్లు వెనక్కి జరిగింది. ఎవరు జరిపారో చూడలేదు. చూడాల్సిన పని లేదు, అందరూ జరిపారు.

"రికార్డు బాబుగారికి నీళ్ళెందుకే? ఒంట్లో ఉన్నది సిరాయే గదా."

"పెళ్ళాం పోతే కన్ను తడవలేదంట. ఉప్పు మనిషి."

"కన్ను తడవాలన్నా నీళ్ళు కావాలి," అన్నాను. "నా బిందె ముందుకు జరపండి."

జరపలేదు. మధ్యాహ్నానికి సగం బిందె దొరికింది. గుమ్మంలో ఎవరో ట్యాంకు మడ్డి పోశారు. కడగడానికి ఆ సగం బిందె సరిపోయింది.

వాడుక చరిత్ర ఒకటి రాసి ఇమ్మని కమిటీ చీటీ పంపింది. వాళ్ళకు కావలసింది రాయను. జరిగింది ఇక్కడ రాస్తాను.

పన్నెండో ఏడు. పంపుల హాల్లో ఎవరూ నవ్వరు, మాట వినపడదు కాబట్టి. ఒక రోజు మూడో ట్యాంకు గోడలు గీకేవాళ్ళు పడీ పడీ నవ్వుతుంటే వకుళ ఏమిటా అని వెళ్ళి చూసింది. వాళ్ళ పళ్ళకు ఆకుపచ్చ అంటి ఉంది. కొంచెం సీసాలో పెట్టి ఇంటికి తెచ్చింది. ఆమె పాచి మొహం చూసింది అప్పుడే. నేనూ చూశాను. వాసన నచ్చలేదు.

పద్నాలుగో ఏడు. కంపెనీ డాక్టరు కండరాల నొప్పులకు అదే పాచిని పొట్లాలు కట్టి ఇచ్చాడు. అప్పుడు దాని పేరు మందు.

పదిహేనో ఏడు. ఎండాకాలం పాచి ఘాటెక్కి ఒకడు చచ్చాడు. వకుళ గాజుముక్కలతో ఏడు మెట్ల పలక చేసింది. పాచి కలిపిన నీళ్ళను పలక పక్కన వెలుగుకు పెట్టి చూస్తే ఏ మెట్టు రంగుతో సరిపోతుందో తెలుస్తుంది. నాలుగో మెట్టు దాటితే పారబొయ్యాలి. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఎవరూ చావలేదు.

పదిహేడో ఏడు. క్యాంటీనులో కంపెనీ ముద్రతో అమ్మకానికి పెట్టారు. ఇరవై ఒకటో ఏడు, మనిషికి ఇంతని కార్డులు. కార్డులు రాసింది నేనే. ఇరవై ఆరో ఏడు, రెండో పంపు పగిలింది. నడిపేవాడి జేబులో పొట్లం దొరికింది. పంపు కవాటం తుప్పు పట్టిందని వకుళ రాసిన రిపోర్టు పొట్లం కింద పడిపోయింది. ఇరవై తొమ్మిదో ఏడు, నిషేధం. కంపెనీ వెళ్ళిపోయింది. గార్డులు గాజు పలకలు కూడా పట్టుకుపోయారు. మత్తు సాధనాలట. ఆ ఏడే ఇద్దరు చచ్చారు.

మందు, సరుకు, కార్డు, నేరం. చట్టం నాలుగుసార్లు మారింది. మార్చినవాళ్ళలో ఒక్కడు కూడా మూడో ట్యాంకులో దిగలేదు. గోడల మీది పాచి మారలేదు.

నా మటుకు నాకు అదంటే అసహ్యం. నవ్వేవాళ్ళంటే కూడా.

రోజు 121

వాడుక ముసాయిదా కమిటీయే రాసుకుంది. సంతకం కోసం పంపారు. గవర్రాజు గుండ్రటి అక్షరాలు. నాలుగో పేరా దగ్గర ఆగాను.

'ప్రతి గురువారం గీకిన పాచిని మొదట ఒక పుణ్యస్త్రీ నాలుక మీద వేసుకొని, గడియ సేపు ఆగి, మంచిదని చెప్పిన పిమ్మట అందరికీ పంచవలెను.'

గవర్రాజు ఇంటికి వెళ్ళాను. చేప ఎండబెడుతున్నాడు.

"ఈ నాలుగో పేరా ఎవరు కల్పించారు?"

"అది కల్పించింది కాదండి." నా మొహం వంక చూడలేదు. "జరుగుతున్నదే రాశాం. అన్నీ కల్పిస్తే విచారణలో దొరికిపోతామని."

"జరుగుతున్నదా?"

"నూకరత్నాన్ని అడగండి."

నూకరత్నం ట్యాంకు గీకే మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె భర్త అప్పలసూరి పట్టుకుపోయిన పదకొండు మందిలో ఒకడు. వకుళ ఆమెను రత్నం అని పిలిచేది. వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని బియ్యంలో ఉప్పు రాళ్ళు ఏరుతోంది.

"కూకోండి బాబుగారూ."

"చేతులు చూపించు."

చూపించింది. గోళ్ళ కింద నీలం.

"వకుళ గోళ్ళు కూడా ఇలాగే ఉండేవి. పరీక్ష రంగు అని చెప్పింది."

"పరీక్ష రంగేటి బాబూ?" అంది. తర్వాత అర్థమై చేతులు వెనక్కి తీసుకుంది. "ఆయమ్మ మీకాడ అలగ సెప్పిందా."

"ఎన్నాళ్ళు?"

"నిసేదం ఎట్టిన ఏడు ఇద్దరు సచ్చిపోనారు గదా. ఆ మరసటి వారం నుంచీ. గాజులు గార్డులు ఒట్టుకుపోనారు. ఏ గోడ పాచి ఏపాటిదో సూసే దారి నేదు. నా నాలిక్కి తెలుసులే రత్నం, అంది."

"మీరందరూ సరేనన్నారు."

"అన్నాం."

"నాలుగేళ్ళు. ఒక్కరూ నాకు చెప్పలేదు."

"సెప్తే మీరు ఆపీసేవోరు."

"ఆపేవాణ్ణి."

"ఆపీస్తే మాలో ఎవులో ఒకలు పోయేవోలు." గొంతు పెంచలేదు. "తప్పేనండి. తప్పని తెలిసే నోరు మూసుకున్నాం."

"మానెయ్యొచ్చు కదా ఆ దరిద్రాన్ని."

నూకరత్నం చేట కింద పెట్టింది. "బాబుగారూ, మీరు ముప్పై ఏళ్ళు పంపుల నెక్క రాసినారు. హాలు బైట కూకుని రాసినారు. నోపల ఒక్క దినం పొద్దు గుంకేదాకా నిలబడండి. అప్పుడు సెప్పండి మానీమని. ఇంటాను."

అది నిజమే. కోపం మాత్రం తగ్గలేదు.

"ఇప్పుడు నువ్వు వేసుకుంటున్నావు."

"పున్నెస్త్రీ కావాలంట గదా. మొగుడు జైల్లో ఉన్నా సెల్లుద్దంట." నవ్వింది. చిగుళ్ళు కూడా నీలంగా ఉన్నాయి. "కమిటీ తీర్మానం సేసింది."

చట్టంలో ఇంకో నిబంధన ఉంది. మినహాయింపు పొందిన వాడుక రాసింది రాసినట్టే సాగాలి. ఒక్క మాట మారినా రద్దవుతుంది. ఈ ముసాయిదాకు ముద్ర పడితే నూకరత్నం ప్రతి గురువారం వేసుకోవాల్సిందే. ఆమె పడిపోతే ఇంకో ముత్తైదువ. ఆమె తర్వాత ఇంకొకామె. చట్టప్రకారం.

రోజు 122

రీడింగులు తీసుకోలేదు.

పొద్దున బకెట్టూ బ్రష్షూ పట్టుకెళ్ళి రాయి మీది పసుపూ కుంకుమా కడిగేశాను. పదిమంది చూశారు. ఎవరూ అడ్డు రాలేదు. సాయంత్రానికి మళ్ళీ పెట్టారు.

రోజు 126

వకుళ నోటుపుస్తకాలు ఇరవై ఒకటి. అల్మారా కింది అరలో ఉన్నాయి. ఇన్నాళ్ళూ తెరవలేదు. తెరిచాను.

చివరి నాలుగు పుస్తకాల్లో నూట తొంభై ఆరు గురువారాలు ఉన్నాయి. అన్నీ ఒకే రకం.

'ఉత్తరం గోడ. చేదు వెంటనే. నాలుక మొద్దు తొమ్మిది నిమిషాలు. పారబోశాం.'

'దక్షిణం గోడ. చేదు ఆలస్యంగా. మొద్దు మూడు. మంచిది.'

'మెట్ల గోడ. మొద్దు పదకొండు. చూపు మసక, గంటలో తగ్గింది. పారబోశాం. అప్పలసూరి గొడవ పెట్టాడు.'

భయం అన్న మాట ఎక్కడా లేదు. నా పేరు ఒక్కచోట ఉంది. 'వి. గోళ్ళ సంగతి అడిగాడు. పరీక్ష రంగని చెప్పాను. నమ్మాడు.'

నమ్మాను.

పదిహేనో ఏటి పుస్తకంలో గాజు పలక చేసే పద్ధతి ఉంది. ఏ సీసా గాజు, ఎన్ని పొరలు, ఎంత మందం. బొమ్మతో సహా.

కమిటీ సమావేశానికి వెళ్ళాను. పిలవలేదు.

"రిజిస్టరు మారుస్తాను," అన్నాను.

గవర్రాజు లేచి నిలబడ్డాడు. "తల్లి మీ మనసు..."

"నా మనసు సంగతి నీకెందుకు? నాలుగో పేరా కొట్టెయ్యాలి. దాని బదులు నేను చెప్పింది రాయాలి. గీకిన పాచిని నీళ్ళలో కలిపి పేరంటాలమ్మ ఏడు గాజుల ముందు పెట్టి చూడాలి. నాలుగో గాజు దాటినది ట్యాంకులో కలపాలి. ఎవరి నాలుకా తగలకూడదు."

"గాజులంటే మళ్ళీ మత్తు సాధనం అంటారండీ. అవి దొరికితేనే మూడేళ్ళు వేస్తున్నారు."

"ఇంట్లో దొరికితే వేస్తారు. దేవత మెడలో ఉంటే వెయ్యరు. రాసింది రాసినట్టే సాగాలని చట్టమే చెబుతోంది కదా. సాగనివ్వండి."

వెనక నుంచి ఎవరో అన్నారు: "గాజైతే ఆలిస్యం అవుద్ది. నాలికైతే చిటికెలో తేలిపోద్ది."

"అయితే నీ భార్యను పంపు," అన్నాను. "వచ్చే గురువారమే."

తీర్మానం అయింది.

రోజు 131

నాలుగో పంపుకు కొత్త బేరింగు వేశారు. వణుకు పోయింది.

నూకరత్నం మందు సీసాలు, నూనె సీసాలు ఏరి తెచ్చింది. ఇద్దరం అరగదీశాం. మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య తేడా పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. వకుళ దాచిన సీసాల్లో పాత నమూనాలు ఉన్నాయి. వాటితో సరిచూశాను. సరిపోయాయి.

ఆ తర్వాత రిజిస్టర్లు. కుట్లు విప్పాను. ముప్పై మూడో ఏట రోజు 61 కింద ఒక్క పేరే ఉంది. ఆ కాగితం మళ్ళీ రాసి, ఆ పేరు వదిలేశాను. ఎనిమిదో ఏట పెళ్ళిళ్ళ కాగితం మళ్ళీ రాశాను. ఐదు జంటలుండాలి, నాలుగే ఉన్నాయి. రెండో ఏట ఒక జంట చేర్చాను. మూడో ఏట కట్ట తెగి పోయినవాళ్ళ కింద ముప్పై రెండో పేరు. వయసు ఇరవై. కారణం: నీళ్ళు.

మొదటి ఏడు నుంచీ ఈ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. ఇప్పుడూ లేదు. పని బాగా చేశాను.

నోటుపుస్తకాలు ఉండకూడదు. ఎనిమిదో ఏటి నుంచి ముప్పై మూడో ఏటి దాకా ఆమె చేతి రాత ఉన్నది వాటిలోనే. విచారణలో ఇల్లు వెతుకుతారు. పొయ్యిలో ఒక్కొక్కటే పెట్టాను. ఇరవై ఒక్క పుస్తకాలకు అన్నం, పప్పు, రెండు బిందెల వేడినీళ్ళు అయ్యాయి. అన్నం తిన్నాను.

రోజు 140

విచారణాధికారి పొద్దున్నే పడవ దిగింది. పేరు హిరణ్మయి. అరవైకి దగ్గర. గొడుగు కర్రతో రాయిని రెండుసార్లు తట్టింది.

"ముప్పై ఏళ్ళ రాయి. రంగు మాత్రం నిన్నటిది."

"ఏటా ఏస్తామండి," అన్నాడు సన్నాసి. "నేనే ఏస్తాను."

"నీ వయసెంత?"

"ముప్పై నాలుగండి."

"నాలుగేళ్ళప్పటి నుంచీ వేస్తున్నావా?"

"అప్పుడు మా నాన్న ఏసేవోడండి," అన్నాడు. సన్నాసిలో అంత తెలివి ఉందని నాకు తెలియదు.

ఆమె పద్దెనిమిది మందిని అడిగింది. పద్దెనిమిది మందీ ఒకటే చెప్పారు. చిన్నప్పటి నుంచీ గురువారం గురువారం. ఏడు గాజులు. అమ్మవారి ముందు. నీళ్ళ వరసలో నన్ను ఉప్పు మనిషి అన్న ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పింది. అబద్ధం అంత బాగా చెప్పగలిగినవాళ్ళు నాలుగేళ్ళపాటు నాకు ఒక్క నిజం చెప్పలేకపోయారు.

చివర నన్ను కూర్చోబెట్టింది. రిజిస్టరు తెరిచి మూడో ఏటి కాగితం మీద వేలు పెట్టింది.

"మీ సిరా ముప్పై ఏళ్ళకు కూడా బాగా నల్లగా ఉంది."

"మంచి సిరా."

"భార్య పోయినప్పుడు మీకు ఇరవై ఆరేళ్ళు."

"అవును."

"మళ్ళీ పెళ్ళి?"

"చేసుకోలేదు."

"ఎందుకని?"

"అవసరం కలగలేదు."

అది అబద్ధం కాదు.

"పిల్లలు?"

"లేరు."

"ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారా?"

గవర్రాజు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అతని వెనక నూకరత్నం. ఇంకా వెనక, గట్టు పొడుగునా జనం.

"ఒక్కణ్ణే ఉన్నాను," అన్నాను.

ఆమె రాసుకుంది. రాయడానికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది. ఒక్క వాక్యమే.

"గాజులు చూసే హక్కుదారు పేరు ఉండాలి. వంశపారంపర్యంగానో, నియామకంగానో. పేరు లేని వాడుక చెల్లదు."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. అతని పేరే రాయాలని తీర్మానం.

"భర్త," అన్నాను. "నేను."

"మీ తర్వాత?"

"నూకరత్నం."

"మీరు పాచి వాడతారా?"

"అసహ్యం."

"అసహ్యమైన పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నారా?"

"ఆచారం కదండీ."

మొదటిసారి ఆమె మొహం కొంచెం కదిలింది. నవ్వో ఇంకేదో చెప్పలేను. ముద్ర వేసింది. వెళ్తూ గవర్రాజుతో అంది: "ఈ ఊళ్ళో అందరూ ఒకే నోటితో మాట్లాడతారు. జాగ్రత్తగా ఉండండి, ఆ ఒక్క నోరు జారితే అంతే."

పడవ వెళ్ళాక గట్టు మీద కేకలు, ఈలలు. గవర్రాజు నన్ను కౌగిలించుకోబోయాడు. పక్కకు తప్పుకున్నాను.

రోజు 152

పంపులు ఆరూ నడుస్తున్నాయి.

నూట యాభయ్యో రోజున పదకొండు మందీ తిరిగి వచ్చారు. అందరికీ చూపు ఉంది. డప్పులు కొట్టారు. నా గుమ్మంలో ఎవరూ మడ్డి పోయలేదు. అంతకుమించి ఏమీ జరగలేదు, జరగాలని నేనూ అనుకోలేదు.

ఇవాళ గురువారం. వాళ్ళు వచ్చాక మొదటిది. రాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఏడు గాజులు రాయి మెడలో వేలాడుతున్నాయి. గిన్నెలు వరసగా పెట్టారు. నూకరత్నం నీళ్ళు కలిపి అందిస్తోంది. ఆమె గోళ్ళ కింద నీలం సగం తగ్గింది.

మొదటి గిన్నె ఉత్తరం గోడది. వెలుగుకు పెట్టాను. ఐదో గాజు.

"పారబొయ్యండి," అన్నాను.

వరసలో గొణుగుడు. అప్పలసూరి ముందుకు వచ్చాడు. జైలు నుంచి వచ్చి రెండు రోజులు. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏటండీ పారబోసేది? మూడు గోడలు గీకి తెచ్చినాం. నాలుగుకీ ఐదుకీ ఒక్క మెట్టే గదా. గోరంత బదులు అరగోరు ఏసుకుంటాం."

"నాలుగు దాటితే ట్యాంకులో కలపాలి. రాసి ఉంది."

"రాసినోడివి నువ్వే గదా!"

"అవును."

"ఆయనతో నీకెందుకు మావా," అంది నూకరత్నం.

"నువ్వుండెహె." అప్పలసూరి నా స్టూలు దాకా వచ్చాడు. ఊపిరి మొహానికి తగిలింది. "రెండు నెలలు మట్టి తిని వచ్చినాం. ఇదే వకుళమ్మగారైతే చిటికెలో నాలిక మీద ఏసుకుని, మంచిదిరా సూరీ, తీసుకెళ్ళండి అనీది. అదీ మనిషంటే. నీలాగ గాజుముక్కలు పట్టుకుని కూకోనేదు."

"ఎవరు?" అన్నాను.

"వకుళమ్మగారండి."

"ఏ వకుళమ్మ?"

"అదేటండి. మీ..." ఆగాడు.

"ఆవిడ మూడో ఏట పోయింది," అన్నాను. "అప్పటికి నీకు నడక కూడా రాదు. నువ్వు ఆవిణ్ణి ఎక్కడ చూశావు?"

అప్పలసూరి నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ ఆమె దగ్గర పాచి తీసుకున్నవాళ్ళే. గవర్రాజు ఉన్నాడు. సన్నాసి ఉన్నాడు. పాడె మోసిన నలుగురూ ఉన్నారు. ఒక్కరూ, చూశాం అనలేదు.

గిన్నె ట్యాంకులో బోర్లించాను. రెండోది అందించమన్నాను.